కరాటే వచ్చినోడూ రానోడూ ఒకే టేబుల్ మీద ఏ గేమ్ ఆడాలి?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. ఐదుగురు ఫ్రెండ్సం ఆదివారం మధ్యాహ్నాలు మా మిద్దె మీద గదిలో డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, తలా ఒక పాత్ర తీసుకుని పాచికలతో కథ నడిపే ఆట) ఆడతాం, కథ నడిపించే జీఎం నేనే. ఇప్పుడు అందరికీ కుంగ్‌ఫూ, కత్తిసాము లాంటి ఫైట్లున్న గేమ్ కావాలని ఉంది. ఒకడు కరాటే బ్లాక్ బెల్టు, వాడికి ప్రతి కిక్కూ కరెక్టుగా ఉండాలి. ఇద్దరికి గాల్లో ఎగిరే చైనా కత్తివీరుల సినిమాలంటే పిచ్చి. ఇంకొకడికి ఇంగ్లీషులో రూల్సు చూస్తేనే నిద్రొస్తుంది. ఇంటర్ చదివే మా చెల్లెలు కూడా వస్తానంటోంది. ఏ పుస్తకం కొనాలి? లేదా డి అండ్ డిలోనే అందరం ఒట్టి చేతులతో కొట్లాడే సన్యాసులు, అంటే మాంక్‌లు అయిపోతే సరిపోతుందా? కథ చైనాలో కాకుండా మన సీమలో పెట్టుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, మాంక్ సంగతి ముందు తేల్చేస్తా, అది రెండు మాటల్లో అయిపోతుంది. డి అండ్ డి ఐదో ఎడిషన్ మాంక్ మంచోడే. కీ (ఒంట్లోని శక్తి) పాయింట్ ఒకటి ఖర్చుపెడితే ఇంకో రెండు గుద్దులు గుద్దుతాడు, తన మీదికొచ్చే బాణాన్ని చేత్తో పట్టుకుంటాడు, లెవెల్ పెరిగాక గోడల మీద పరిగెత్తుతాడు. పైగా ఆ ఎడిషన్ మూల రూల్స్ పత్రం 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితం, మాంక్ అందులోనే ఉన్నాడు, కాబట్టి ఖర్చేమీ లేదు. కానీ ఐదుగురూ మాంక్‌లే అయితే రెండో ఆదివారానికల్లా అందరూ ఒకే పని చేస్తుంటారు. అందరూ మాంక్‌లే ఉండే ఊరు కోసం రాసిన రూల్సు కావు అవి. ఒక పూట సరదాకి ఆడుకోండి, అంతే.

ఇక అసలు ప్రశ్న. ఏ పుస్తకం కొనాలన్నావు, దాని వెనకున్నది "ఏ గేమ్‌లో ఫైట్లు నిజంగా ఉన్నట్టు ఉంటాయి" అనే ప్రశ్నే, అందరూ అట్లానే అడుగుతారు, పుస్తకాల అట్ట మీద కూడా అట్లానే రాసి అమ్ముతారు. నేనైతే ఇంకోటి అడుగుతా: మీ టేబుల్ మీద ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఏం జరగాలి? లెక్కలా, మాటలా, పోటీయా, ఏడుపా? ఈ రకం గేములన్నీ విడిపోయేది సరిగ్గా అక్కడే. ఏ దేశం విద్య, ఏ కత్తి, ఏ కిక్కు అనేది పైపూత.

మీ బ్లాక్ బెల్టు వాణ్ణి అడిగితే గర్ప్స్ అనే గేమ్ పేరు చెప్తాడు చూడు. గర్ప్స్ మార్షల్ ఆర్ట్స్ అని 2007లో నాలుగో ఎడిషన్ కోసం వచ్చిన లావుపాటి పుస్తకం ఉంది, నిజం యుద్ధవిద్యల శైలులు, పట్లు, తప్పించుకోవడాలు, కీలు మెలిపెట్టడాలు, అన్నీ వేరువేరుగా రూల్స్ రాసి పెట్టారు. మామూలు పాచికలు మూడు వేసి నీ నైపుణ్యం అంకె గానీ, అంతకన్నా తక్కువ గానీ తెచ్చుకోవాలి, సింపులే. కానీ అందులో ఒక్క టర్న్ అంటే ఒక్క సెకను. ఒక్కటంటే ఒక్క సెకను! నువ్వు కాలెత్తావు, వాడు వెనక్కి జరిగాడు, అయిపోయింది సెకను, ఇప్పుడు పక్కనోడి వంతు. ఇద్దరు మనుషులు పది సెకన్లు కొట్టుకోవడానికి మీకు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ గంట మీ కరాటే వీరుడికి స్వర్గం, మిగిలినోళ్ళు ఫోన్లు తీస్తారు, నిద్రొచ్చే వాడు నిజంగానే నిద్రపోతాడు. ఇద్దరే కూర్చుని ఆడుకుంటే మాత్రం దాన్ని మించింది నాకు కనబడలేదు.

పోటీ కావాలంటే స్ట్రీట్ ఫైటర్ వీడియోగేమ్ మీద వైట్ వుల్ఫ్ వాళ్ళు 1994లో తెచ్చిన గేమ్ ఒకటుంది. ఎవరేం కొట్టబోతున్నారో కార్డు బోర్లా పెట్టి దాచుకుంటారు, నిదానంగా కదిలేవాడు ముందు మొదలుపెడతాడు, వేగంగా ఉన్నవాడు మధ్యలో తన కార్డు తిప్పి అడ్డం పడొచ్చు. ఆ క్షణం భలే ఉంటుంది. కానీ ఎప్పుడో ప్రింట్ ఆగిపోయింది, పాత కాపీల వెంట పడి డబ్బు తగలేయకు.

నా మాట వింటే మొదటి ఆదివారం వూషు అనే గేమ్ ఆడండి. డాన్ బేన్ రాశాడు, వూషు ఓపెన్ అనే రూపం ఉచితంగానే దొరుకుతుంది, రూల్స్ కొన్ని పేజీలే, మీ నిద్రపోయే వాడికి నువ్వు టీ తాగేలోపు తెలుగులో చెప్పేయొచ్చు. మామూలు లూడో పాచికలు చాలు. ఇందులో ఉన్న విచిత్రం ఏంటంటే, ఎంత వివరంగా చెప్తే అన్ని పాచికలు. చెప్పింది చెప్పినట్టే జరిగిపోతుంది, "కొట్టానా లేదా" అని పాచికలను అడగక్కర్లేదు. పాచికలు చెప్పేది ఆ కొట్లాట ముగింపుకి ఎంత దగ్గరైందో, నీకేమైనా దెబ్బ తగిలిందో, అంతే.

ఒక్క వంతు ఎట్లా నడుస్తుందో చూపిస్తా. గండికోటలో ధాన్యాగారం ముందు మీ చెల్లెలి పాత్రని పాలెగాడి మనుషులు చుట్టుముట్టారనుకో. ఆ గుంపుకి నువ్వు 8 అని ముప్పు అంకె పెట్టావు. ఆమె పాత్ర షీట్ మీద కర్రసాము 4 అని ఉంది. ఆమె ఇట్లా అంటుంది: కర్ర నేలకి ఆనించి పైకెగిరా, ముందున్నోడి భుజం మీద కాలు పెట్టా, వాడి తలపాగా లాగి పక్కనోడి మొహానికి చుట్టా, వెనక్కి దిగుతూ కర్ర తిప్పా, ఇద్దరి మోకాళ్ళ మీద కొట్టా. ఐదు వివరాలు, ఐదు పాచికలు. ఇప్పుడు వాటిని రెండు కుప్పలు చేస్తుంది: మూడు దాడికి, రెండు కాచుకోవడానికి. దాడి పాచికల్లో 2, 4, 6 పడ్డాయి. నాలుగు, అంతకన్నా తక్కువైతే గెలుపు కాబట్టి రెండు గెలుపులు, ముప్పు 8 నుంచి 6కి దిగింది. కాచుకునే పాచికల్లో 3, 5 పడ్డాయి, ఒక్కటైనా గెలిచింది కనుక ఆమెకి దెబ్బ లేదు. ఒక్కటీ గెలవకపోయుంటే ఆమెకున్న మూడు చీ (అదే, ఒంట్లోని శక్తి) పాయింట్లలో ఒకటి పోయేది. అయిపోయింది, పక్కనోడి వంతు.

ఇప్పుడు మీ బ్లాక్ బెల్టు వాడి సంగతి చూడు. వాడు ఇప్పటిదాకా ఏం చేస్తున్నాడు? ఎవరో ఏదో కిక్కు అంటే "మవాషి గేరి అట్లా కొట్టరు రా" అని ఆట ఆపుతున్నాడు, అంతేనా? ఇటువంటి వాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు, మా కర్నూలు బ్యాచ్‌లో కూడా ఉన్నాడు, పైగా వాడు చెప్పేది చాలాసార్లు కరెక్టే, అదే పెద్ద బాధ. వూషులో వాడికి తెలిసిందంతా పాచికలుగా మారిపోతుంది: నడుం తిప్పడం ఒకటి, నిలబడే కాలి మడమ తిరగడం ఒకటి, చెయ్యి మొహం ముందు ఉంచడం ఒకటి. వాడి విద్యకి టేబుల్ మీద విలువ దొరికింది, ఇంకొకడి తప్పు పట్టాల్సిన పని లేదు. ఒక్క కట్టుబాటు మాత్రం ఆట మొదలు కాకముందే నవ్వుతూ చెప్పేయ్: ఎవడి కిక్కు వాడే దిద్దుకోవాలి, ఎదుటోడి కిక్కు జోలికి పోకూడదు.

వూషుకి ఒక లోపముంది, అది కూడా చెప్పాలి కదా. ఒకే సిట్టింగులో మూడో ఫైటు దగ్గరికొచ్చేసరికి అందరి నోళ్ళూ ఎండిపోతాయి, మళ్ళీ ఎగిరా, మళ్ళీ తిప్పా, మళ్ళీ కొట్టా. మాటకారి పాచికలు పోగేస్తుంటే మొహమాటస్తుడు వెనకబడతాడు. అందుకే వంతుకి ఇన్ని పాచికలకి మించి లేవు అని జీఎం హద్దు పెట్టే రూల్ ఉంది, దాన్ని తక్కువలోనే పెట్టు, మీ బ్యాచ్‌కి నాలుగో ఐదో చాలు. ఏడాది పొడుగునా ఆడే గేమ్ కాదది. రెండు ఆదివారాలు ఆడితే మీలో ఎవరికి ఏది రుచించిందో బయటపడుతుంది, డబ్బులు ఖర్చుపెట్టేది అప్పుడు.

కొట్టుకోవడమే రుచించిందనుకో, విరగ్గొట్టిన బల్లలు, జారిపోయిన చెప్పులు, వంతు కోసం ఎదురుచూపు, ఆ హడావుడి అంతా నచ్చిందనుకో, ఫెంగ్ షుయ్ 2 కొను. రాబిన్ లాస్ 1996లో హాంకాంగ్ యాక్షన్ సినిమాల వరసలో రాశాడు, రెండో ఎడిషన్ 2015లో అట్లాస్ గేమ్స్ నుంచి వచ్చింది. రెండే పాచికలు, వేరువేరు రంగులవి: ఒకటి కూడిక, ఒకటి తీసివేత, ఆరు పడితే మళ్ళీ వేసి కలుపుకో. చిల్లర రౌడీలకి దెబ్బల లెక్కలుండవు, సరిగ్గా తగిలితే పడిపోవడమే. వంతుల పద్ధతి నాకు బాగా ఇష్టం. జీఎం పెద్ద అంకె దగ్గర మొదలుపెట్టి గట్టిగా చదువుతూ కిందికి దిగుతాడు, పన్నెండు, పదకొండు, పది, నీ అంకె రాగానే నువ్వు కొట్టాలి, మామూలు దెబ్బకి మూడంకెలు ఖర్చు, మళ్ళీ మూడు కిందకి దిగాక నీ వంతు. లెక్క చదువుతుంటేనే టేబుల్ మీద టెన్షన్ పుడుతుంది, ఫోన్ చూసేవాడుండడు. పాత్రలు కూడా ముందే తయారుచేసి ఇచ్చారు: ముసలి గురువు, మొండి పోలీసు, గల్లీ పిల్ల, ఏ శక్తీ లేని మామూలు మనిషి, ఇట్లా. నిద్రొచ్చే వాడు ఒక షీట్ లాక్కుంటే చాలు, రూల్స్ చదవక్కర్లేదు.

పైగా మీరు సీమలో ఆడాలంటే ఇంతకన్నా సులువైంది లేదు. ఆ గేమ్ కథ ఏంటంటే, మంచి చీ పారే స్థలాలు కొన్నుంటాయి, వాటిని ఎవరు పట్టుకుంటే అదృష్టం, అధికారం వాళ్ళవి, అందుకని కాలాల మధ్య దూకుతూ రహస్య ముఠాలు కొట్టుకుంటుంటాయి. మన దగ్గర కోటలకి కొదవా? గండికోట, పెనుకొండ, కర్నూలు కొండారెడ్డి బురుజు, ఏది కావాలంటే అది స్థలం. గేమ్‌లో దూకే కాలాల్లో 1850 ఒకటి. అప్పటికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసి మూడేళ్ళే, 1847 కదా. ఆయుధాలు పోగేశాడని కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ని కంపెనీ వాళ్ళు 1839లో దించేసి పదకొండేళ్ళు. ఆ ఆయుధాల్లో కొన్ని కంపెనీ కంటబడకుండా బురుజు కింద ఇంకా ఉన్నాయని ఒక పుకారు నువ్వే కల్పించు, మిగిలింది మీ వాళ్ళే నడుపుతారు.

అట్లా కాకుండా, వూషు ఆడుతున్నప్పుడు మీ వాళ్ళు కొట్లాట కన్నా "అసలు వీడు మా గురువుని ఎందుకు మోసం చేశాడు" అనే దాని మీద ఎక్కువసేపు మాట్లాడారనుకో, అప్పుడు హార్ట్స్ ఆఫ్ వూలిన్. ఆ ఇద్దరు చైనా కత్తివీరుల పిచ్చోళ్ళకి కావాల్సింది ఇదేనని నా అనుమానం, వాళ్ళకింకా తెలియకపోవచ్చు. లోవెల్ ఫ్రాన్సిస్, అగాథా చెంగ్ కలిసి రాశారు. ఇందులో ఇద్దరి కత్తి యుద్ధం మొత్తం ఒక్క డైస్ రోల్‌తో తేలిపోతుంది! రెండు పాచికలు వేసి మట్టి, నిప్పు, లోహం, నీరు, చెట్టు అనే ఐదింటిలో ఒకదాని అంకె కలపాలి. పది గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే గెలుపు, ఏడు నుంచి తొమ్మిదైతే గెలిచినా ఏదో పోగొట్టుకుంటావు. నీకన్నా పై స్థాయి వాడితో అయితే అసలు గెలవలేవు, ముందు ఆ తేడా పూడ్చుకునే దారి వెతుక్కోవాలి. మిగిలిన టైమంతా దేనికంటే, చిక్కుముళ్ళకి. ప్రతి పాత్రకీ ఆట మొదట్లోనే ఇద్దరు మనుషులతో ముడిపెట్టిన చిక్కులుంటాయి: నేను మనసిచ్చిన పిల్ల మా గురువుని చంపినవాడి శిష్యురాలు, ఈ రకం.

ఇక్కడ నీకో జాగ్రత్త, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఆ చిక్కుల్లో ఒకటి ప్రేమ చిక్కు. మీ చెల్లెలు, నీ నలుగురు ఫ్రెండ్సు కూర్చున్న టేబుల్ మీద ఆటగాళ్ళ పాత్రల మధ్య ప్రేమలు పెట్టావనుకో, ఒక్కడు కూడా నోరు విప్పడు, నువ్వు కూడా సీలింగు చూస్తుంటావు. ప్రేమ ఉంటే జీఎం ఆడించే పాత్రలతోనే ఉండనీ. ఆటగాళ్ళ మధ్య మాటిచ్చిన బాకీ, ఒకే గురువు దగ్గర చదివిన వైరం, పెంచిన తండ్రి రహస్యం, ఇవి పెట్టు. అవి మనోళ్ళకి ఇంకా బాగా పండుతాయి.

మిగిలిన పేర్లు నీకు ఎక్కడైనా తగులుతాయి కాబట్టి గబగబా చెప్తా. లెజెండ్స్ ఆఫ్ ది వూలిన్ గొప్ప ఆలోచనల గేమ్, ఒకేలాంటి అంకెల జతలు ఏరుకోవడం, కొన్ని పాచికలు తర్వాతికి దాచుకోవడం లాంటి మజా ఉంది, కానీ పుస్తకంలో ఏ రూల్ ఎక్కడుందో అటక మీద సామాన్లు వెతికినట్టు వెతకాలి, మీకొద్దు. చిన్ అనే ఫ్రెంచి గేమ్, ఇంగ్లీషులోనూ వచ్చింది, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు చైనా యుద్ధరాజ్యాల కాలం, తెల్లదొకటి నల్లదొకటి పదిముఖాల పాచికలు వేసి పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి, చరిత్ర ఇష్టమైనోళ్ళకి చాలా బాగుంటుంది. అవతార్ కార్టూన్ మీద చేసిన అవతార్ లెజెండ్స్ 2021లో జనం దగ్గర చందాలు పోగేసే సైటు కిక్‌స్టార్టర్‌లో 95 లక్షల డాలర్లకి పైనే పోగేసింది, మీ చెల్లెలికి ఆ కార్టూన్ ఇష్టమైతే ఆలోచించు, ఇష్టం లేకపోతే అక్కర్లేదు. ఫేట్ అనే గేమ్ రూల్స్ మీద కూడా ఇట్లాంటివి చేసుకోవచ్చు, దాని ప్రత్యేక పాచికలు కొనద్దు, మామూలు పాచికలో 1, 2 పడితే మైనస్, 3, 4 సున్నా, 5, 6 ప్లస్ అనుకుంటే సరి. పదిముఖాల పాచికలు ఊళ్ళో దొరక్కపోతే పేకలో ఆసు నుంచి పది దాకా తీసి కలిపి, ఒక్కో ముక్క లాగండి. చీ పాయింట్లకి చింతగింజలు.

సీమలో కథ పెట్టుకోవచ్చా అన్నావు కదా, పెట్టుకో. 1850 కాకుండా ఇంకాస్త వెనక్కి పోతే ఇంకా బాగుంటుంది. 1800లో నిజాం బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి అప్పగించేశాడు, మన్రో కలెక్టరుగా వచ్చి పాలెగాళ్ళ బలగాలను రద్దు చేయించే పనిలో పడ్డాడు. పాత దొర పోయాడు, కొత్త దొర మాట ఇంకా చెల్లట్లేదు, కత్తి పట్టడం తప్ప ఇంకో పని తెలియని కట్టుబడి మనుషులు ఊరూరా పని లేకుండా తిరుగుతున్నారు. చైనా కథల్లో రాజు మాట చెల్లని కత్తివీరుల లోకం ఒకటుంటుందే, దానికి ఇంతకన్నా ఏం కావాలి? గురువుల బడుల బదులు తాలింఖానాలు పెట్టు, కర్రసాము, కత్తిసాము, కుస్తీ మూడు వంశాలుగా చెయ్యి, వాటి మధ్య పాతికేళ్ళ నాటి తగువు పెట్టు.

ఒక సీన్ ఐడియా ఊరికే ఇస్తా. దేవరగట్టు తెలుసు కదా, హొళగుంద దగ్గర, దసరా రాత్రి మాళ మల్లేశ్వరుడి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ళు ఊళ్ళే కర్రలతో తలపడతాయి. నిజం మనుషులకి నిజంగానే తలలు పగులుతాయి, కాబట్టి దాన్ని అట్లాగే దించి నవ్వులాట చెయ్యకు, వేరే ఊరు, వేరే దేవుడు కల్పించుకో. కానీ అక్కడున్న కిటుకు మాత్రం పట్టుకో: అక్కడ గెలుపంటే ఎదుటోణ్ణి పడగొట్టడం కాదు, దేవుడు మన ఊరివాళ్ళ చేతుల్లో ఉండటం. ఫైట్ సీన్లు విసుగొచ్చేది అవతలోడి ప్రాణం సున్నాకి తేవడం తప్ప ఇంకో పని లేనప్పుడే. పల్లకీ మోయాలి, కాగడా ఆరకూడదు, ముసలాయన కింద పడకూడదు, ఇట్లాంటివి రెండు పెట్టి చూడు, ఏ గేమ్‌లోనైనా ఫైటు లేచి కూర్చుంటుంది.

ఫ్యాక్షన్ కథ మాత్రం అడక్కుండా పెట్టకు. సినిమాలు చూసి అది మాసు సరుకు అనుకుంటాం గానీ, మన జిల్లాల్లో టేబుల్ చుట్టూ ఆరుగురు కూర్చుంటే ఎవరింట్లో ఏం జరిగిందో మనకేం తెలుసు? మొదటి రోజే ఏం వద్దో అందరినీ అడుగు. దానికి తోడు ఎక్స్-కార్డ్ అని ఒక పద్ధతుంది, జాన్ స్టావ్రోపౌలోస్ తెచ్చిందే. ఒక కాగితం ముక్క మీద ఇంటూ గుర్తు గీసి టేబుల్ మధ్యలో పెడతారు. ఎవరికైనా ఆ సీన్ ఇబ్బందిగా ఉంటే దాన్ని ముట్టుకుంటారు, ఎందుకని ఎవరూ అడగరు, సీన్ మార్చేస్తారు. ఖర్చు లేని పని.

కాబట్టి ఈ ఆదివారం, వచ్చే ఆదివారం వూషు. ఆ తర్వాత మీ ఆరుగురిలో ఎక్కువమంది దేనికి మొగ్గితే అది, ఫెంగ్ షుయ్ 2 లేదా హార్ట్స్ ఆఫ్ వూలిన్, రెండూ ఒకేసారి కొనద్దు. నన్నడిగితే మీ బ్యాచ్‌కి ఫెంగ్ షుయ్ 2 వైపే మొగ్గుతా, కొత్తగా వచ్చే చెల్లెలికీ, నిద్రపోయే వాడికీ సిద్ధంగా ఉన్న షీట్లు దొరుకుతాయి కనుక. పీడీఎఫ్ తీసుకో, విదేశం నుంచి పుస్తకం తెప్పిస్తే పోస్టేజీకే పుస్తకం ఖరీదంత అవుతుంది. జీఎం దగ్గర ఒక్క కాపీ చాలు. పాత్రల షీట్లు మాత్రం తెలుగులో నువ్వే చేత్తో రాసి జిరాక్స్ తీయించు, మీ చెల్లెలు రాత బాగుంటే ఆ పని తనకి అప్పజెప్పు, రాస్తూ రాస్తూ రూల్స్ కూడా వచ్చేస్తాయి.